లెక్కలు, సైన్స్‌లో తడబడే పేదింటి పిల్లలను నిలబెట్టడం ఎలా: జూన్ నుంచి ఫలితాల రోజు దాకా

"పిల్ల తెలివైందే సార్. తెలుగు, సోషల్ బాగానే చదువుతుంది. లెక్కల పుస్తకం తీస్తే మాత్రం మొహం మాడ్చుకుంటుంది. ఏం చేయాలి?" ఊళ్లో సాయంత్రాలు ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లలు, హాస్టల్ ట్యూటర్లు, కొత్తగా డీఎస్సీలో వచ్చిన టీచర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అడిగిన ప్రతి ఒక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, చేసే వరుసలోనే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అంతర్జాతీయంగా జరిగే పీసా పరీక్షల్లో, ఇంటి పరిస్థితుల్లో తమ దేశంలో అట్టడుగు పావు వంతులో ఉండి కూడా మార్కుల్లో పై పావు వంతులోకి చేరిన పిల్లలను ప్రత్యేకంగా లెక్కిస్తారు. అలాంటి పిల్లలను చూసి మనం వెంటనే "ఎంత పట్టుదలో" అంటాం. నా అనుభవంలో పట్టుదల గురించి ఉపన్యాసం విని బాగుపడిన పిల్లను చూడలేదు. కింది తరగతుల్లో పడిన గండి పూడ్చితే, బడికి రాని రోజుల్లో చేయి వదలకుండా పట్టుకుంటే పట్టుదల దానంతట అదే వచ్చింది. ఈ మార్గదర్శి మొత్తం ఆ రెండు పనుల గురించే.

పదో తరగతి పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎనిమిది, తొమ్మిది వాళ్లతో మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖర్చు పెద్దగా ఉండదు. కానీ ఇవి చేతికి రాకముందే పాఠం మొదలుపెట్టకండి. మధ్యలో పుస్తకం కోసం వెతుక్కుంటే పిల్ల జారిపోతుంది.

- 5 నుంచి 9 తరగతుల పాత లెక్కల పుస్తకాలు. పై తరగతికి వెళ్లిన పిల్లల దగ్గర, బడి స్టోర్ రూములో దొరుకుతాయి.
- ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు.
- పిల్లకు రెండు లాంగ్ నోట్‌బుక్కులు. ఒకటి లెక్కలకు, ఒకటి తప్పులకు.
- పలక. అవును, పదో తరగతి పిల్లకు కూడా. పలక మీద తప్పు చెరిగిపోతుంది, అందుకే భయం లేకుండా రాస్తారు.
- గోడ క్యాలెండర్ ఒకటి.
- రోజూ ఒకే వేళలో 45 నిమిషాలు.

ఒకరికి ఐదారుగురి కంటే ఎక్కువ పిల్లలను తీసుకోవద్దు. తరగతిలో నలభై మంది ఉన్నా సరే, ఈ పద్ధతి ముందు ఆరుగురితో మొదలుపెట్టండి.

2. ఇంటి పరిస్థితి తెలుసుకోండి

"ఎందుకు చదవట్లేదు?" అని అడిగితే పిల్ల తల వంచుకుంటుంది. అంతే. జవాబు రాదు. కింది ప్రశ్నలు మామూలు మాటల్లో, ఇద్దరే ఉన్నప్పుడు అడిగి క్యాలెండర్ పక్కన రాసుకోండి.

- పొద్దున వంట ఎవరు చేస్తారు? నీళ్లు ఎవరు తెస్తారు?
- రాత్రి కూర్చుని రాసుకునే చోటు ఉందా? లైటు ఉందా?
- ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? ఎన్నింటికి ఇంటికి వస్తుంది?
- పత్తి తీతకో, మిరప కోతకో ఏ నెలల్లో పోతారు? పిల్ల కూడా పోతుందా?
- చిన్న తమ్ముడినో చెల్లెలినో ఎవరు చూసుకుంటారు?

పత్తి తీసే రోజుల్లో సోమవారం హాజరు, శుక్రవారం హాజరు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పిల్లలకు ఏ వారాల్లో పాఠాలు పోతాయో ముందే తెలిసిపోతుంది. క్యాలెండర్‌లో ఆ వారాలను ఎర్ర పెన్నుతో గీసుకోండి. ఎనిమిదో దశలో అవి అవసరమవుతాయి.

ఈ ప్రశ్నలను తరగతిలో అందరి ముందు అడగడమే ఇక్కడ జరిగే తప్పు. "మీ నాన్న ఏం చేస్తాడు?" అన్న ఒక్క ప్రశ్న అందరి ముందు అడిగితే కొందరు పిల్లలు ఏడాదంతా మీ కళ్లలోకి చూడరు.

3. ఎక్కడ ఆగిందో పట్టుకోండి: పన్నెండు ప్రశ్నల పరీక్ష

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన దశ ఇది. చాలామంది ఇది దాటేసి నేరుగా పదో తరగతి వర్గ సమీకరణాలు మొదలుపెడతారు. పునాదిలో ఇటుకలు ఊడిపోయి ఉంటే పై అంతస్తు ఎన్నిసార్లు కట్టినా కూలుతుంది.

ఈ ప్రశ్నలు ఒక్కో పిల్లకు విడిగా ఇవ్వండి. సమయం గడియారంతో కొలవద్దు.

1. 46 − 28
2. 847 ÷ 7
3. −3 − 5
4. (−4) × (−6)
5. 1/2 + 1/3
6. 0.5, 0.25 లో ఏది పెద్దది?
7. 200 లో 15 శాతం ఎంత?
8. ఎక్స్ విలువ 4 అయితే 3ఎక్స్ + 5 ఎంత?
9. 3ఎక్స్ = 12 అయితే ఎక్స్ ఎంత?
10. 2ఎక్స్ + 7 = 19 అయితే ఎక్స్ ఎంత?
11. పొడవు 8 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు ఉన్న గది చుట్టుకొలత, వైశాల్యం ఎంత?
12. 5 కిలోల బియ్యం 240 రూపాయలు. 8 కిలోలు ఎంత?

మొదటి రెండూ అసర్ సర్వేలో ఊరూరా తిరిగి పిల్లలను అడిగే రకం లెక్కలు: అప్పు తెచ్చుకుని చేసే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పదో తరగతిలో ఉండి రెండో లెక్క రాకపోవడం మీరనుకున్నంత అరుదు కాదు. ఆశ్చర్యం మొహంలో కనిపించనివ్వకండి.

మార్కులు వేయవద్దు. ప్రతి జవాబు దగ్గరా, సరైనదైనా తప్పైనా, "ఎలా చేశావో చెప్పు" అని అడగండి. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఒకసారి ఒక అమ్మాయి తొమ్మిదో ప్రశ్నకు 9 అని రాసింది.

"ఎలా వచ్చిందమ్మా?"

"మూడు అటు పోయింది కదా సార్. అటు పోతే మైనస్ అవుతుంది. పన్నెండులోంచి మూడు పోతే తొమ్మిది."

"సరే. మూడు పెన్నులు పన్నెండు రూపాయలు. ఒక పెన్ను ఎంత?"

"నాలుగు." ఆలోచించనైనా లేదు.

పలక మీద రెండూ ఒకదాని కింద ఒకటి రాసి ఇచ్చాను. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "3ఎక్స్ అంటే మూడు ఎక్స్‌లా సార్?"

మూడేళ్లుగా ఆ పిల్ల బీజగణితం చేస్తోంది. పక్కపక్కన రాసిన అంకెకు, అక్షరానికి మధ్య గుణకారం ఉందని ఎవరూ విడమరిచి చెప్పలేదు, లేదా చెప్పిన రోజు ఆమె బడికి రాలేదు. లెక్క చేసే తెలివి ఆమెలో ముందునుంచీ ఉంది, పెన్నుల లెక్క క్షణంలో చెప్పింది. అడ్డం పడింది ఆ ఒక్క సంగతే.

జవాబులు చూసి పిల్లను ఇలా ఒక చోట పెట్టండి:

- 1, 2 తప్పితే: మొదటి మెట్టు. స్థాన విలువ దగ్గర మొదలు.
- 3 నుంచి 7 దాకా తప్పితే: రెండో మెట్టు. పూర్ణసంఖ్యలు, భిన్నాలు.
- 8 నుంచి 10 దాకా తప్పితే: మూడో మెట్టు. సమీకరణాలు.
- 11, 12 మాత్రమే తప్పితే: లెక్క వచ్చు, ప్రశ్న చదవడం రాలేదు. ఐదో దశలో ఎక్కువ సమయం పెట్టండి.

పిల్లలను తరగతి చూసి కాకుండా ఈ మెట్టు చూసి గుంపులు చేయండి. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఒకే గుంపులో ఉన్నా ఏం కాదు. గుంపులకు "వీక్", "డల్" లాంటి పేర్లు మాత్రం పెట్టవద్దు.

4. గండి పూడ్చడం: ముప్పై రోజుల పని

45 నిమిషాలను రెండుగా పంచండి. మొదటి 25 నిమిషాలు పాత గండికి, తర్వాతి 20 నిమిషాలు ఆ రోజు బడిలో జరిగిన పాఠానికి. మొత్తం సమయం పాత పాఠాలకే పెడితే పిల్ల తరగతిలో ఇంకా వెనకబడుతుంది, "నన్ను ఐదో తరగతికి పంపారు" అని కుంగిపోతుంది.

ప్లస్సులు, మైనస్సులు (ఆరు రోజులు). −3 − 5 కు ఎక్కువమంది +8 అని రాస్తారు. కారణం అడిగితే "మైనస్ మైనస్ ప్లస్ కదా" అంటారు. ఆ సూత్రం గుణకారానిది. దాన్ని కూడికలోకి లాక్కొచ్చారు. దీనికి కిరాణా కొట్టు ఖాతాను మించిన బోధనోపకరణం లేదు. నిన్న మూడు రూపాయల అప్పు ఉంది, ఇవాళ ఇంకో ఐదు రూపాయల సరుకు అప్పుకే తెచ్చుకున్నాం. మొత్తం ఎంత అప్పు? ఎనిమిది. అప్పు కాబట్టి −8. మూడు రోజులు ఖాతా రాయించి, నాలుగో రోజు సంఖ్యారేఖ గీయించండి. గుణకార సూత్రం ఐదో రోజు దాకా తీయకండి.

భిన్నాలు (ఎనిమిది రోజులు). 1/2 + 1/3 = 2/5 అనే పిల్లకు వెంటనే కసాగు నేర్పవద్దు. ఒక కాగితం పట్టీని సగానికి మడిపించి రంగు వేయించండి. అంతే పొడవున్న ఇంకో పట్టీని మూడుగా మడిపించండి. "సగం ఒక్కటే 2/5 కన్నా పెద్దగా ఉందే, దానికి ఇంకొంచెం కలిపితే తగ్గుతుందా?" అని అడగండి. ఐదు భాగాలు చేసిన మూడో పట్టీ పక్కన పెడితే పిల్లే నవ్వుతుంది. అప్పుడు రెండు పట్టీలనూ ఆరేసి ముక్కలుగా మడిపించండి: మూడు ముక్కలు, రెండు ముక్కలు, మొత్తం 5/6. కసాగు ఎందుకో ఆ తర్వాత చెబితే నిలుస్తుంది.

సమీకరణాలు (పది రోజులు). "అటు పోతే గుర్తు మారుతుంది" అన్న మాటను ఈ పది రోజులూ పూర్తిగా పక్కన పెట్టండి. నా దృష్టిలో ఈ ఒక్క మాట చేసిన నష్టం ఇంకేదీ చేయలేదు. దాని బదులు త్రాసు గీయండి. 2ఎక్స్ + 7 = 19. రెండు పళ్లేల్లోంచీ ఏడు తీసేద్దాం. 2ఎక్స్ = 12. రెండు పళ్లేలనూ సగం చేద్దాం. ఎక్స్ = 6. ప్రతి లైను పక్కన "రెండు వైపులా 7 తీశాను" అని మాటల్లో రాయించండి. చివర 6 ను మొదటి లైనులో పెట్టి సరిచూడడం తప్పనిసరి. సరిచూసుకోవడం వచ్చిన పిల్లకు "రైటా సార్?" అని మిమ్మల్ని అడగాల్సిన అవసరం తగ్గుతుంది. ధైర్యం మొదట కనిపించేది ఇక్కడే.

మిగిలిన ఆరు రోజులు భాగహారం, దశాంశాలు, శాతాలకు. ఎక్కాలు రాకపోతే రోజుకు మూడు నిమిషాలు చాలు, శిక్షగా రాయించవద్దు.

5. మాట అడ్డం తీయండి

పిల్ల ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకం తెలుగు వేరు, పరీక్ష పేపర్‌లో ఇంగ్లీషు వేరు. మూడింటి మధ్య నలిగిపోయి, వచ్చిన లెక్క కూడా వదిలేస్తుంది. లంబాడీ తండాల్లో, గోండు, కోయ గూడేల్లో నాలుగో భాష కూడా ఉంటుంది.

నోట్‌బుక్ వెనక మూడు గడుల పట్టిక గీయించండి. రోజుకు నాలుగు మాటలు చాలు.

- డినామినేటర్: హారం: కింది అంకె
- పెరిమీటర్: చుట్టుకొలత: చుట్టూ కంచె వేస్తే ఎంత
- ఏరియా: వైశాల్యం: లోపల బండలు పరిస్తే ఎంత
- డెన్సిటీ: సాంద్రత: అంతే చోటులో ఎంత కుక్కి ఉంది

సైన్స్‌లో ఇంకో చిక్కు ఉంది. పని, బలం, శక్తి, వేడి లాంటి మాటలు ఇంట్లో ఒక అర్థంతో వాడి, బడికి వచ్చేసరికి మరో అర్థంతో వినాలి. పని గురించి చెబుతూ నేను "తల మీద తట్ట పెట్టుకుని కదలకుండా నిలబడితే జరిగిన పని సున్నా" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "మా అమ్మ తట్ట మోస్తది సార్. అయితే పని చేయనట్టా?" అన్నాడు. తరగతి నవ్వింది. అతను నవ్వలేదు.

అలాంటి ప్రశ్న వస్తే పాఠం ఆపి జవాబు చెప్పండి. మీ అమ్మ కండరాలు బిగుసుకుని ఉన్నంతసేపూ ఒంట్లో శక్తి ఖర్చవుతూనే ఉంటుంది, అందుకే అలసట. భౌతికశాస్త్రం "పని" అన్న మాటను ఒకే ఒక్క కొలతకు పెట్టుకుంది: వేసిన బలం, ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరం, ఈ రెండింటి లబ్ధం. తట్టను నేల మీద నుంచి తల మీదికి ఎత్తినప్పుడు ఆ లెక్కన కూడా పని జరిగింది. కూలి మాట వేరు, ఈ కొలత వేరు. ఇంత చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ అబ్బాయి తర్వాత ఏ పాఠంలోనూ చేయి ఎత్తడం మానలేదు.

మాటల లెక్కలకు నాలుగు మెట్లు అలవాటు చేయండి: ప్రశ్నను బయటికి రెండుసార్లు చదవాలి. ఇచ్చినవి గీత కింద రాయాలి. అడిగింది చుట్టాలి. బొమ్మ గీయాలి. ఈ నాలుగూ అయ్యాకే అంకెల్లోకి దిగాలి.

6. సైన్స్‌ను చేతికివ్వండి

ల్యాబ్ తాళం వేసి ఉన్నా, అసలు ల్యాబే లేకపోయినా ఈ నాలుగూ చేయొచ్చు.

- పసుపు కాగితం. పసుపును నీళ్లలో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. సబ్బు నీళ్ల చుక్క వేస్తే ఎర్రబడుతుంది. అదే చోట నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఆమ్లాలు, క్షారాలు, సూచికలు మూడూ ఇందులోనే ఉన్నాయి.
- సున్నపు తేట. తాంబూలపు సున్నం కొంచెం నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచి, పైన తేటను మాత్రమే వంచుకోండి. గొట్టంతో ఊదితే పాలలా మారుతుంది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందనడానికి రుజువు. ఊదడమే, పీల్చకూడదు. కళ్లలో పడనివ్వద్దు.
- టార్చి బల్బులు రెండు, సెల్లు రెండు, తీగ. శ్రేణిలో కలిపితే వెలుగు తగ్గుతుంది, సమాంతరంగా కలిపితే తగ్గదు. ఇంట్లో ఒక లైటు తీసేస్తే మిగతావి ఎందుకు ఆరిపోవో పిల్లలే చెప్పేస్తారు. గోడ ప్లగ్గు జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోవద్దు.
- గ్లాసులో పెన్సిల్. నీళ్లలో విరిగినట్టు కనబడుతుంది. వక్రీభవనం పటం దీని తర్వాతే గీయించండి.

ప్రతి ప్రయోగం తర్వాత నాలుగు లైన్లే రాయించండి: ఏం తెలుసుకోవాలనుకున్నాం, ఏం చేశాం, ఏం చూశాం, ఎందుకలా జరిగింది. నాలుగో లైను పిల్ల సొంత మాటల్లో ఉండాలి. గైడులోంచి ఎక్కించిన వాక్యం కన్నా వంకరటింకర సొంత వాక్యం నయం. దాన్ని దిద్దడం తేలిక.

రసాయన సమీకరణాలు తుల్యం చేయడంలో ఒక తప్పు పదేపదే వస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు అయ్యే సమీకరణంలో ఆక్సిజన్ లెక్క సరిపోవడం కోసం నీటి సంకేతంలో ఆక్సిజన్ కింద 2 పెట్టేస్తారు. అలా చేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. గింజలతో చూపించండి: రెండు చిక్కుడు గింజలు, ఒక శనగ గింజ కలిస్తే ఒక నీటి అణువు. అణువు లోపలి గింజలను మార్చకూడదు, అణువుల సంఖ్యనే పెంచాలి. ముందు పెట్టే అంకె మనది, కింద ఉన్న అంకె ప్రకృతిది.

7. మార్కులు పోయిన రోజు చేయాల్సింది

యూనిట్ టెస్టులో 25 కు 4 వచ్చిన పిల్లకు ఆ సాయంత్రం చాలా ముఖ్యం. ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఎక్కువ నుంచి తక్కువకు మార్కులు వరుసగా చదివి పేపర్లు ఇచ్చాను. చివరి పేపర్ తీసుకున్న అబ్బాయి నాలుగు రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళితే మేకల వెంట పోయాడన్నారు. ఐదో రోజు వచ్చాడు గానీ, ఆ ఏడు నా తరగతిలో మళ్లీ నోరు విప్పలేదు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి పేపర్లు మడిచి, ఎవరిది వాళ్ల చేతికే ఇస్తున్నాను.

పేపర్ ఇచ్చిన 24 గంటల్లోపు పిల్లతో కూర్చుని పోయిన ప్రతి మార్కునూ మూడు రకాల్లో ఒకటిగా తప్పుల నోట్‌బుక్‌లో రాయించండి.

- తెలియక పోయింది: పాఠమే రాదు. మళ్లీ నేర్పాలి.
- తొందరలో పోయింది: వచ్చు, గుర్తో అంకో జారింది.
- ప్రశ్న అర్థం కాక పోయింది: మాట అడ్డం. ఐదో దశకు వెళ్లండి.

21 మార్కులు పోయిన పేపర్‌లో కూడా ఏడెనిమిది మార్కులు రెండో రకంలో ఉండడం మామూలే. "ఇవి నీకు వచ్చినవే" అని వేలు పెట్టి చూపించండి. పిల్ల నమ్మేది మీ ఓదార్పును కాదు, తన చేతిరాతను.

అనే మాటలు కూడా మార్చుకోవాలి. "నీకు లెక్కలు రావు" బదులు "నీకు హారాలు వేరైనప్పుడు కూడడం ఇంకా రాలేదు". "బాగా చదువు" బదులు "రేపటికి 34వ పేజీలో రెండో లెక్క, నాలుగో లెక్క చేసుకురా". "నీ అంత తెలివైనవాడు లేడు" అని పొగడడమూ ప్రమాదమే. తర్వాతి పరీక్షలో తప్పితే తెలివి పోయిందనుకుంటాడు. "సరిచూసుకున్నావు చూడు, అక్కడే పట్టుకున్నావు తప్పు" అనండి.

8. బడికి రాని వారాలు

ఎర్ర పెన్నుతో గీసుకున్న వారాలు ఇవే. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. పిల్లలను ఉంచి వెళ్లడానికి నమ్మకమైన చోటు లేకే వెంట తీసుకుపోతారు. "పంపొద్దు" అని తల్లిదండ్రులతో వాదించే ముందు సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్ మీ మండలంలో ఉందేమో మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో అడగండి. లేకపోతే ఇంట్లో ఉండే అమ్మమ్మతోనో, పెద్దమ్మతోనో మాట్లాడండి.

అయినా వెళ్లాల్సి వస్తే:

- వెళ్లే ముందు రోజుకు ఒక పేజీ చొప్పున చేతిరాత కాగితాలు కుట్టి ఇవ్వండి. ఒక పేజీలో చేసి చూపిన లెక్క ఒకటి, చేయాల్సినవి రెండు. అంతకు మించి పెడితే ఒక్కటీ చేయరు.
- వారానికి ఒకసారి, ఆదివారం రాత్రి, పది నిమిషాల ఫోన్. మేస్త్రీ నంబరైనా పర్వాలేదు, ముందే రాసుకోండి.
- తిరిగి వచ్చిన రోజు "ఇన్నాళ్లూ ఏమైపోయావ్?" అని నిలబెట్టవద్దు. "వచ్చావా, కూర్చో" చాలు.
- తోటి పిల్ల నోట్సు ఇప్పించి, మూడు రోజులు ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి.
- పోయిన పాఠాలన్నీ చెప్పాలని చూడవద్దు. ఇప్పుడు జరిగే పాఠానికి ఏవి కావాలో అవి రెండు చెప్పండి చాలు.

ఊళ్లోనే ఉండి మానేసే ఆడపిల్లల సంగతి వేరు. వంట, చంటిపిల్లలు, కొన్నిచోట్ల పెళ్లి మాటలు. తండ్రితో కన్నా తల్లితో మాట్లాడితే పని జరుగుతుంది. "పాపను చదివించండి" అని కాకుండా "సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పాపకు పని చెప్పకండమ్మా, ఆ ఒక్క గంటే" అని అడగండి. గంట ఇవ్వడానికి ఏ తల్లీ కాదనలేదు నాకు.

9. చివరి మూడు నెలలు

లెక్కల్లో, సైన్స్‌లో పాస్ గీత 35 శాతం. గండి పూడిన పిల్లకు అది గమ్యం కాదు, కానీ భయం పోవాలంటే ముందు ఆ గీత దాటగలనని కళ్లారా చూడాలి. జనవరిలో పాత పేపర్ ఒకటి ఇచ్చి, వచ్చిన ప్రశ్నలు మాత్రమే చేయించి, మార్కులు పిల్లతోనే వేయించండి.

- సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, నిరూపక రేఖాగణితం ముందు పూర్తి చేయండి. పునాది బలహీనంగా ఉన్నా వీటిలో త్వరగా పట్టు దొరుకుతుంది.
- జీవశాస్త్రంలో గుండె, నెఫ్రాన్, పుష్పం పటాలు చూడకుండా గీసి భాగాలు గుర్తించాలి. వారానికి రెండు.
- కటకాలు, దర్పణాల కిరణ చిత్రాలు స్కేలుతోనే, బాణం గుర్తులతోనే. బాణం మరిచి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.
- భౌతిక, రసాయన శాస్త్రాల పేపర్ ఒక రోజు, జీవశాస్త్రం ఇంకో రోజు ఉంటుంది. రెండింటికీ కలిపి చదవనివ్వకండి.

రాత్రి రెండింటి దాకా మేల్కొల్పే స్టడీ అవర్లు నాకు ఇష్టం లేదు. నిద్ర చాలని పిల్ల వచ్చిన లెక్క కూడా తప్పుతుంది.

10. దారి ఎటు ఉందో ముందే చూపించండి

చదివితే ఏమవుతుందో కళ్లముందు లేని పిల్లకు లెక్కల పుస్తకం బరువే. ఈ మూడూ చెప్పండి.

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల రూపాయలు మించకూడదు. మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇంటర్‌లో కొనసాగాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 55 శాతం. ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించడం మరిచి డబ్బు పోగొట్టుకునేవాళ్లున్నారు. ఆ తేదీ మీ క్యాలెండర్‌లోనే రాసుకోండి.

పది తర్వాత పాలిసెట్, అంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. ఇంజినీరింగ్ డిప్లొమాలకైతే లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల్లోంచే ప్రశ్నలు. పునాది పూడ్చిన పిల్లకు ఇది అందే పరీక్ష.

ఆర్‌జీయూకేటీ (అందరూ ట్రిపుల్ ఐటీ అనేది) క్యాంపస్‌లు: తెలంగాణలో బాసర, ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. పది మార్కుల మీదే ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది, ఎంతన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూడండి.

కాగితాలు డిసెంబర్‌లోనే సరిచూడండి: ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒకటేనా? కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఉన్నాయా? ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన దరఖాస్తులు నేనే చాలా చూశాను.

11. ప్రతి శనివారం చూసుకోవాల్సినవి

- ఈ వారం ఎన్ని రోజులు కూర్చున్నాం? మూడు కంటే తక్కువైతే వేళ మార్చండి.
- తప్పుల నోట్‌బుక్‌లో కొత్తగా ఏం చేరింది? పాతవి ఎన్ని కొట్టేశాం?
- పిల్ల తనంతట తాను ఒక్క ప్రశ్న అయినా అడిగిందా?
- జవాబు సరిచూసుకునే అలవాటు నిలిచిందా?
- రెండు రోజులు వరసగా రాకపోతే నేను ఇంటికి వెళ్లానా?

12. ఫలితాల రోజు

ఆ రోజు మీరు ఫోన్ దగ్గర కాదు, పిల్ల దగ్గర ఉండండి. ఊళ్లో అందరికంటే ముందు హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసేది మీరే కావాలి.

పాసైతే సరే, దరఖాస్తుల ఫైలు తీయండి. ఒక సబ్జెక్టులో తప్పితే, అదే గదిలో, తల్లిదండ్రులు వింటుండగా మూడు సంగతులు చెప్పండి: అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుంది. పాసైతే ఇదే ఏడు ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరొచ్చు. తప్పిన సబ్జెక్టు ఒక్కటే రాయాలి. ఫీజు కట్టే గడువు చాలా తక్కువ రోజులుంటుంది కాబట్టి మర్నాడే బడికి వెళ్లి కట్టించండి. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలవద్దని తల్లితో విడిగా చెప్పండి.

మర్నాడు సాయంత్రం మామూలు వేళకే, మామూలు చోటే కూర్చోండి. తప్పుల నోట్‌బుక్ మొదటి పేజీ తీయించి, అందులో కొట్టేసినవి ఎన్ని, ఇంకా మిగిలినవి ఎన్ని అని పిల్లతోనే లెక్కపెట్టించండి. మిగిలినవాటిలో మొదటి దానితో ఆ రోజు పాఠం మొదలుపెట్టండి.